ఆరు గంటల పెళ్లి, మూలన మిస్త్రీ తాత

మా వీధిలో పెళ్లి రెండుసార్లు జరుగుతుంది. ఒకసారి పందిట్లో, ఇంకోసారి టీవీలో. మొదటిదానికి పంతులుగారు కావాలి, రెండోదానికి నేను కావాలి. గొప్పలు చెప్పుకోవడం కాదు. బెంగాల్లో మా ఖరగ్‌పూర్ రైల్వే వాళ్ల ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఏ క్వార్టర్ తలుపు కొట్టి అడిగినా ఇదే చెబుతారు. కాకపోతే నా గురించి ఇంకో రెండు మాటలు కూడా కలుపుతారు. ఆ రెండు మాటలేమిటో కాసేపట్లో నేనే చెబుతాను.

పెళ్లయ్యాక పిల్ల అత్తవారి ఊరికి బండెక్కే ముందు, వీధి వీధంతా ఆ ఇంట్లో చేరి పెళ్లి వీడియోని మొదటి నుంచి చివరిదాకా కూర్చుని చూడాలి. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన వాళ్లం మేము. ఈ ఆనవాయితీ అక్కడి నుంచి తెచ్చుకున్నది కాదు, టీవీలు వచ్చాక ఇక్కడే పుట్టింది. చూసేటప్పుడు పెళ్లికూతురి మీద ఎవరి కళ్లూ ఉండవు. ఎవరికి వారు తెర మీద తమని వెతుక్కుంటారు. దొరికితే పక్కవాళ్లని మోచేత్తో పొడుస్తారు. దొరక్కపోతే మర్నాటి నుంచి నాతో మాటలుండవు.

అందుకని మా దగ్గర కత్తిరింపులు లేవు. మలంచా రోడ్డు మీద అద్దాల స్టూడియోల వాళ్లు ఇరవై నిమిషాల్లో పెళ్లి ముగించి, వెనకాల ఓ పాట పెట్టి చేతిలో పెడతారు. మా వాళ్లకి అది పెళ్లి కాదు, అడ్వర్టైజ్‌మెంట్. కొత్తలో ఒకసారి నేనూ తెలివికి పోయి, వరసగా ఒకే పోజులో నలభై మంది చదివింపులు ఇస్తున్న చోట సగం తీసేశాను. ఆ సగంలో నాన్నతో పాతికేళ్లు ఒకే వర్క్‌షాపులో పనిచేసిన ఆయన ఉన్నాడు. "మీ అమ్మాయి నన్ను పెళ్లికి రానోణ్ణి సేసేసింది" అని ఆయన నాన్నతో రెండేళ్లు మాట్లాడలేదు. అప్పటి నుంచి కెమెరాలో పడిందంతా వీడియోలో ఉంటుంది. ఆరు గంటలంటే ఆరు గంటలు.

ఇంకో ఆనవాయితీ ఉంది, దాన్ని మొదలుపెట్టిన పాపం పూర్తిగా నాదే. ఇంట్లో పెద్దాయన పోయి ఉంటే పందిట్లో ఒక కుర్చీ వేసి, అందులో ఆయన ఫోటో పెడతారు. ఒక పెళ్లిలో ఆ కుర్చీకి అడ్డంగా ఎవరో బుట్టలు పెట్టేశారని ఇంటావిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆవిడ బాధ చూడలేక, వీడియోలో పై మూలన ఆయన ఫోటోని చిన్నగా అతికించి, బంతిపూల దండ వేసి, కింద రెపరెపలాడే దీపం పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా పెద్దాయన మూలన కూర్చుని పెళ్లి చూస్తాడన్నమాట. అంతే, ఇంక ప్రతి ఇంటికీ అది కావాల్సి వచ్చింది. తాత మూలన లేని వీడియో మా వీధిలో చెల్లదు.

ఇక ఆ రెండు మాటలు. నన్ను మా వీధిలో లేట్ ప్యాసింజర్ అంటారు.

తీసిన ముక్కలన్నీ ఒక వరసలో పెట్టి, రంగులు సరిచేసి, పేర్లు వేసి, మూలన తాతని పెట్టాక, అదంతా కలిపి టీవీలో ఆడే ఒకే ఫైలుగా కంప్యూటర్ వండి పెట్టాలి. దాన్ని రెండరింగ్ అంటారు. ముక్కలు పేర్చడం నా పని, మూడు రోజుల్లో అవగొడతాను. వండడం మాత్రం దాని పని. తెర మీద ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంది. నత్తకి జ్వరం వస్తే ఎలా నడుస్తుందో అలా పాకుతుంది. మంచి నాణ్యతతో ఆరు గంటల పెళ్లి వండడానికి నా మిషను రెండు రోజులు దాటి తీసుకునేది. మధ్యలో కరెంటు పోతే అంతా మొదటికి. ఎన్నోసార్లు పిల్ల బండెక్కి వెళ్లిపోయాక వీడియో వచ్చింది. అలాంటప్పుడు చూసేవాళ్లకి ఉత్సాహం ఉండదు, నాకు మొహం ఉండదు.

ఎదురు క్వార్టర్లో పెళ్లి కుదిరినప్పుడు సంగతి వేరుగా ఉంది. ఆ ఇంటి పెద్దాయన వర్క్‌షాపులో మిస్త్రీ, అంటే బళ్లు బాగుచేసే పెద్ద పనివాడు. నాన్న చేతికి మొదట స్పానర్ ఇచ్చింది ఆయనే. వీధి అంతటికీ ఆయన మిస్త్రీ తాత. పోయి రెండేళ్లయింది. ఆయన భార్యని మేమంతా మామ్మ అంటాం. పెళ్లికూతురు ఆవిడ మనవరాలు. పిల్ల తల్లికి, అంటే నేను పిన్నీ అని పిలిచే మామ్మ కోడలికి, ఆసుపత్రిలో ఆయా డ్యూటీ. అందుకని పిల్లకి జడలు వేసిందీ, అన్నం కలిపి పెట్టిందీ, బడిలో టీచరమ్మతో పోట్లాడిందీ అంతా మామ్మే.

అలాంటి మనిషి పెళ్లి పందిట్లోకి రానంది. వంటల షెడ్డులో కూర్చుంది. భర్త పోయిన మనిషి, శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఎదురు రాకూడదట. ఎవరూ రావద్దనలేదు. పిన్ని బతిమాలింది, పిల్ల ఏడ్చింది. ఆవిడ కదల్లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. కెమెరా మెడలో వేసుకునే షెడ్డులోకి వెళ్లి, "పెంచడానికి పనికొచ్చినావు, అక్షింతలెయ్యడానికి పనికిరావేటి మామ్మా?" అని గట్టిగానే అడిగాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టి నవ్వింది. "అరవకే. నువ్వు తీస్తన్నావు కదా. నాను టీవీలో సూసుకుంటాను. పిల్లని పక్కన కూకోబెట్టుకొని, ఆయన మూలన ఉంటారు కదా, ముగ్గురం కలిసి సూసుకుంటాం. అది బండెక్కీలోపల ఇచ్చేయమ్మా, సాలు."

"శుక్రవారం పొద్దున్న నీ టీవీలో పెళ్లి ఆడతాది. ఇది నా మాట," అన్నాను.

మాట ఇవ్వడంలో నేను ఎప్పుడూ ఎక్స్‌ప్రెస్సే.

పెళ్లి జరిగింది శనివారం పొద్దున్న. పిల్ల ఆ వచ్చే శుక్రవారం సాయంత్రం ఏడు గంటల బండికి బిలాస్‌పూర్ వెళ్లిపోతుంది. అల్లుడిది అక్కడ రైల్వే ఉద్యోగం, సెలవు అంతవరకే. నిద్రా తిండీ చూసుకోకుండా ముక్కలు పేర్చి, మంగళవారం సాయంత్రం ఆరింటికి రెండరింగ్ మొదలుపెట్టాను. యాభై నాలుగు గంటలు పడుతుందని తెర మీద చూపించింది. గురువారం అర్ధరాత్రికి అయిపోవాలి. శుక్రవారం తొమ్మిదింటికి వేస్తే మూడున్నర, నాలుగింటికి చూడడం పూర్తవుతుంది. లెక్క సరిపోయిందని సంబరపడ్డాను.

గురువారం పొద్దున్న ఎనిమిదింటికి నీలం గీత డెబ్భై శాతం దగ్గర ఉంది. నేను టీ గ్లాసు పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. ఫ్యాను ఆగింది. తెర నల్లబడింది. మూడు నిమిషాల తర్వాత కరెంటు తిరిగి వచ్చింది, కానీ ముప్ఫై ఎనిమిది గంటల వంట మాత్రం రాలేదు. సగం ఉడికిన ఫైలు ఎందుకూ పనికిరాదు. కరెంటు పోయినా కంప్యూటర్‌ని కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టె పాడై నెలయింది, మార్చాలని అనుకుంటూనే ఉన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మళ్లీ మొదలుపెడితే శనివారం మధ్యాహ్నం దాటుతుంది. పిల్ల అప్పటికి బిలాస్‌పూర్‌లో అత్తగారింట్లో ఉంటుంది.

సైకిలేసుకుని ప్రేమ్ బజార్ వెళ్లాను. అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ గేటు ఎదురుగా కంప్యూటర్ సామాను అమ్మే దాదా ఒకాయన నాకు తెలుసు. చెప్పిందంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఎటా హోబే నా, దీదీ" అన్నాడు. ఇది అయ్యే పని కాదన్నాడు. కొత్త గ్రాఫిక్స్ కార్డు వెయ్యమన్నాడు. అది కలకత్తా నుంచి రావడానికి నాలుగు రోజులు. లేదంటే ఆరు గంటల్ని గంటకి కత్తిరించమన్నాడు.

"దాదా, మీకు మా వీధి గురించి తెలియదు," అన్నాను హిందీలో.

"ఆరు గంటల పెళ్లి ఎవరు చూస్తారు?" అన్నాడు ఆయన, నిజంగానే తెలుసుకోవాలని.

"ఒక ముసలావిడ," అని చెప్పి సైకిలెక్కాను. దారంతా నా మీద నాకే కోపం. మాట ఇచ్చే ముందు ఒక్క నిమిషం ఆలోచించే అలవాటు నాకు పుట్టుకతోనే లేదు.

మా గేటు దగ్గర సైకిల్ దిగేసరికి ఎదురింటి అరుగు మీద మామ్మ నిలబడి ఉంది. టీవీని తుడిచి, దాని మీద కొత్త గుడ్డ కప్పించిందట. "రేపు ఎన్ని గంటలకేస్తావమ్మా? బేగి తలంటి పోసుకొని కూకుంటాను," అంది.

"తొమ్మిదికి మామ్మా," అన్నాను. ఇంట్లోకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఇదంతా రాస్తున్నాను కాబట్టి అది కూడా రాస్తున్నాను.

నాన్న అప్పటికే నా గదిలో ఉన్నాడు. రిటైరై ఐదేళ్లయినా ఖాకీ నిక్కరు మానలేదు. కంప్యూటర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. బండి ఆగగానే చక్రాల దగ్గర బేరింగు వేడి చూసేవాళ్లు అలాగే చూస్తారు. "కాలిపోతంది," అన్నాడు. "ఇదేటి పని సేస్తంది?"

నేను విసుక్కుంటూనే చెప్పాను. వీడియో అంటే సెకనుకి పాతిక బొమ్మలు. ఒక్కొక్క బొమ్మనీ తీసి, రంగు దిద్ది, పేరు వేసి, తాతని అతికించి, పక్కన పెడుతుంది. ఆరు గంటలకి ఐదు లక్షల నలభై వేల బొమ్మలు. పాత మిషను, అంతకంటే వేగం రాదు, దాదా కూడా అదే అన్నాడు.

"దాదా సామాన్లమ్మీవోడు. కొనమనే సెప్తాడు," అన్నాడు నాన్న. "మా షాపులో మిషను బరువు లాగడం నేదంటే కొత్తది కొనీసేవోళ్లమేటి? ఒక్కో బరువు దింపి, తిప్పి సూసేవోళ్లం. ఏది దింపితే మిషను తిరిగిందో అదే దొంగ. నువ్వెప్పుడైనా దీన్ని ఖాళీగా తిప్పి సూసినావా?"

ఎప్పుడూ చూడలేదు. పదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నీలం గీతని తిట్టాను, కరెంటు వాళ్లని తిట్టాను, మిషను తయారుచేసిన వాళ్లని తిట్టాను. గంట కూర్చుని ఏ పనికి ఎంత సమయం పోతోందో చూసుకోవాలని తోచలేదు. తిట్టడంలో ఉన్న సుఖం వెతకడంలో ఉండదు మరి.

పెళ్లిలోంచి ఒక్క నిమిషం ముక్క తీసుకున్నాం. నాన్న జేబులోంచి సుద్దముక్క తీశాడు. అదీ వర్క్‌షాపు అలవాటే, సుద్ద లేకుండా ఆయన బజారుకి కూడా వెళ్లడు. అన్ని హంగులతో ఆ ఒక్క నిమిషాన్ని వండడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. నాన్న కంప్యూటర్ పెట్టె పక్కన 9 అని రాశాడు. పేర్లు తీసేశాను. మళ్లీ తొమ్మిదే. రంగులు దిద్దడం ఆపేశాను. ఎనిమిదిన్నర. నాకు ఓపిక నశించింది. "ఇంక తీయడానికేటుంది నాన్నా, పెళ్లికూతుర్ని తీసెయ్యాలి," అన్నాను.

"మూలన ఉన్నాయన్ని తియ్యి," అన్నాడు నాన్న.

పేర్లూ రంగులూ మళ్లీ పెట్టి, తాతని తీశాను. నొక్కాను. నీలం గీత ఎడమ వైపు నుంచి బయల్దేరి, నేను కుర్చీలో వెనక్కి వాలేలోపే కుడివైపు చేరిపోయింది. అర నిమిషం! చెడిపోయిందేమో అనుకుని ఇంకోసారి నొక్కాను. అర నిమిషమే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేను ఎండలో ప్రేమ్ బజార్ దాకా తొక్కి వచ్చాను, దొంగేమో పూలదండ వేసుకుని నా కళ్లెదురుగా మూలన కూర్చున్నాడు.

నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "మిస్త్రీ బతికున్నప్పుడూ అంతే. షాపులో ఏ బండి కదలాలన్నా ముందల ఆయన సెయ్యి పడాలి. ఆయన సంతకం లేకుండా దేన్నీ గేటు దాటనిచ్చేవోడు కాదు."

నాకు నవ్వు రాలేదు. గడియారం చూశాను. మధ్యాహ్నం ఒంటిగంట. తాతని తీసేస్తే మూడు గంటల్లో పెళ్లి మొత్తం చేతిలో ఉంటుంది. మామ్మ పక్కన పిల్ల ఉంటుంది. "తీసెస్తాను నాన్నా. మామ్మకి నేను సర్ది సెప్తాను," అన్నాను.

నాన్న నవ్వు ఆగిపోయింది. ఆయన నామీద కోప్పడడం చాలా అరుదు. "పెళ్లి నుంచి ఆవిడ తన్ని తానే దింపుకుంది. ఇప్పుడు టీవీలోంచి నువ్వు ఆయన్ని దింపేస్తావేటి? మిస్త్రీని దింపొద్దు. బరువు తగ్గించు. అంత బరువు ఎందుకున్నాడో అది సూడు ముందల."

చూశాను. చూసి తల పట్టుకున్నాను. పందిరి గుమ్మానికి కట్టే ఫ్లెక్సీ కోసం తాత ఫోటోని గోడంత సైజులో స్కాన్ చేయించారు. అదే ఫైలుని తెచ్చి మూలన పెట్టాను. తెర మీద అగ్గిపెట్టంత కనిపిస్తాడు కానీ లోపల గోడంత ఉన్నాడు. ప్రతి బొమ్మకీ మిషను ఆ గోడని మోసుకొచ్చి, అగ్గిపెట్టంత చేసి, బంతిపూలు ఒక్కొక్కటీ కొత్తగా గుచ్చి, దీపం వెలిగించి అతికిస్తోంది. మరుక్షణం ఏం చేసిందో మర్చిపోయి మళ్లీ గోడని మోసుకొస్తోంది. ఐదు లక్షల నలభై వేల సార్లు! పాపం, నా చేత ఆ పని చేయిస్తే నేను మొదటి రోజే పారిపోయేదాన్ని.

ఇది తెలియక చేసింది కాదు. ఫోటోని ముందే చిన్నది చేసి పెట్టుకోవచ్చని నాకు తెలుసు. ఏ తాత ఫోటోనీ నేను చిన్నది చెయ్యలేదు. పోయిన పెద్దాయన్ని అగ్గిపెట్టంత చేసి దాచడం అమర్యాదగా అనిపించేది. పెద్దవాళ్లు లోపలైనా పెద్దగా ఉండాలనుకున్నాను. ఇదే మాట నాన్నతో చెప్పాను, కొంచెం సిగ్గుపడుతూ.

"ఓసి నీ భక్తి బంగారం కాను," అన్నాడు నాన్న. "ఫోటో సిన్నదైతే మిస్త్రీ సిన్నోడైపోతాడేటి? ఆయన రైల్వే పాస్‌లో ఉన్న ఫోటో గోరంత. దాన్ని సూసి పెద్ద పెద్ద ఆఫీసర్లు లేచి నిలబడేవోరు."

అంతే, పనిలో దిగాను. తాతని అగ్గిపెట్టంత చేశాను. బంతిపూల దండని ఫోటోలోనే కలిపేసి రెండూ ఒకే బొమ్మగా మార్చాను. దీపం రెపరెపని పది సెకన్లు ఒక్కసారి వండి పెట్టుకుని, దాన్నే మళ్లీ మళ్లీ తిరిగేలా వేశాను. ఇంక మిషను పూలు గుచ్చక్కర్లేదు, అగ్గిపుల్ల గియ్యక్కర్లేదు. ఆ నిమిషం ముక్కనే మళ్లీ పరీక్ష చేశాం. నలభై సెకన్లు. తాత ఉన్నాడు, దండ ఉంది, దీపం వెలుగుతోంది. నలభై సెకన్లు!

నేను కేక పెట్టాను. వంటింట్లోంచి అమ్మ గరిటెతో పరిగెత్తుకొచ్చింది, షాక్ కొట్టిందేమోనని.

నాన్న అప్పటికే పెట్టె పక్క రేకు విప్పుతున్నాడు. లోపల దుమ్ము దూదిలా పేరుకుపోయి ఉంది. రంగులేసే పాత బ్రష్షుతో, నెలల పిల్లాడికి ముక్కు తుడిచినంత జాగ్రత్తగా తుడిచి, టేబుల్ ఫ్యాను దాని మొహానికి పెట్టాడు. ఎండాకాలంలో మాకు దక్కని ఆ ఫ్యాను దానికి దొరికింది. తర్వాత అడిగాడు, "ఆరు గంటలదీ ఒకే బండిగా ఎందుకు లాగుతావు? మళ్లీ కరెంటు పోతేనో? గంటకో ముక్క సేసి పంపించు. అన్నీ యార్డుకి సేరినాక కలిపేయ్."

కలపొచ్చు. ఒకే కొలతలతో వండిన ముక్కల్ని మళ్లీ వండకుండా రైలు పెట్టెలకి కప్లింగు వేసినట్టు ఒకదానికొకటి తగిలించవచ్చు. అది నాకు తెలుసు. అవసరానికి గుర్తురాని తెలివిని తెలివి అనరని కూడా ఆ రోజే తెలిసింది.

రెండున్నరకి మొదటి గంట బయల్దేరింది. నలభై నిమిషాల్లో వచ్చేసింది. నాన్న సుద్దతో పెట్టె మీద ఒక గీత గీశాడు. రెండో గంట, రెండో గీత. మూడో గంట వండుతుండగా సరిగ్గా అనుకున్నట్టే కరెంటు పోయింది. అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. నేను హాయిగా మరమరాలు తింటూ కూర్చున్నాను. పోతే ఒక్క పెట్టె పోతుంది, బండి పోదు. కరెంటు రాగానే మూడో గంటని మళ్లీ నడిపాను. ఏడున్నరకి ఆరు గీతలూ పూర్తయ్యాయి. అన్నీ కలపడానికి పది నిమిషాలు పట్టలేదు.

పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, మా టీవీలో ముందు, మధ్య, చివర తిప్పి చూశాం. మూలన తాత ఎప్పుడూ లేనంత స్పష్టంగా ఉన్నాడు. నాన్న కాసేపు ఆయన్నే చూశాడు. తర్వాత లేచి వెళ్లి కంప్యూటర్ పెట్టె మీద ఆ ఆరు గీతల కింద సుద్దతో పెద్ద అక్షరాలతో "ఫిట్" అని రాశాడు. రిపేరైన రైలు పెట్టె గేటు దాటే ముందు అలా రాయడానికి ఒకప్పుడు షాపులో మిస్త్రీ తాతకే హక్కుండేది. నాన్న ఆ మాట రాయడం నేను చూడడం అదే మొదటిసారి.

శుక్రవారం తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే పెన్ డ్రైవ్ పట్టుకుని ఎదురింటి గడప తొక్కాను. వీధంతా అప్పటికే చేరిపోయింది. గుమ్మంలో కొందరు, కిటికీ చువ్వలకి వేలాడుతూ కొందరు. "లేట్ ప్యాసింజర్ రైట్ టైమేటి ఈయాల?" అని ఎవరో అన్నారు. నేను వెళ్లి పెన్ డ్రైవ్ టీవీకి తగిలించాను. మామ్మ తలంటి పోసుకుని, నీలం అంచు చీర కట్టుకుని, వెనకాల గోడకి ఆనుకుని కూర్చుంది. అలవాటు చొప్పున వెనకే. పిల్ల లేచి ఆవిడ రెక్క పట్టుకుని తీసుకొచ్చి, అందరికంటే ముందు, టీవీకి ఎదురుగా వేసిన కుర్చీలో కూర్చోబెట్టింది. తను కింద ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చుంది.

పెళ్లి మొదలైంది. మోచేతి పోట్లు మొదలయ్యాయి. నాన్నతో రెండేళ్లు మాట్లాడని ఆయన తనని తాను నాలుగు చోట్ల చూసుకుని నాకేసి తలాడించాడు. మామ్మ మాత్రం ఎవరినీ వెతకలేదు. ఆవిడ అందులో లేదని ఆవిడకి తెలుసు. ఒకసారి పిల్లని చూస్తుంది, ఒకసారి మూలకి చూస్తుంది.

మూడో గంటలో జీలకర్రా బెల్లం అయి, తాళి కట్టే చోటు వచ్చింది. మామ్మ ఉన్నట్టుండి, "ఆపే," అంది.

రిమోట్ నొక్కాను. ఏం తప్పు దొర్లిందా అని తెరంతా వెతికాను.

మామ్మ కోడలి వైపు తిరిగింది. "బియ్యం తేవే. పసుపు కలుపు. అందరికీ సరిపోయినన్ని తే."

పిన్ని లేచి వంటింట్లోకి పరిగెత్తిన పరుగు చూడాలి. పళ్లెం నిండా అక్షింతలు కలుపుకొచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్లందరి చేతుల్లోనూ పడ్డాయి, కిటికీ చువ్వల్లోంచి చాచిన చేతుల్లోనూ పడ్డాయి. మామ్మ గుప్పెడు తీసుకుని కుర్చీలోంచి లేచి నిలబడింది. నాకేసి చూసి, "ఇప్పుడు తిప్పు," అంది.

తిప్పాను. మేళం మోగింది. తెర మీద తాళి కట్టాడు అల్లుడు. మామ్మ మొదటి గుప్పెడు తెర మీద వేసింది, రెండోది మోకాలి దగ్గర కూర్చున్న పిల్ల తల మీద వేసింది. గదిలో అందరూ వేశారు. బియ్యం టీవీ మీద టపటపా రాలాయి. పిల్ల మామ్మ కాళ్లు చుట్టుకుని పెద్దగా ఏడ్చింది. మామ్మ ఏడవలేదు. మూలనున్న తాతని చూస్తూ, పక్కింటి మనిషితో మాట్లాడినంత మామూలుగా అంది, "మీరు ముందలే సూసేసినారు. నాను ఇప్పుడొచ్చినాను."

నేను గోడ వైపు తిరిగిపోయాను. నాన్న అయితే అప్పటికే గోడ వైపు తిరిగి ఉన్నాడు. ఆ గదిలో నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. ఆ పళ్లెంలో ఉన్న బియ్యమంతా నా తల మీద కూడా పడినట్టే అనిపించింది. దాదాని తీసుకొచ్చి, ఆరు గంటల పెళ్లి ఎవరు చూస్తారో ఆ గుమ్మంలో నిలబెట్టి చూపించాలనిపించింది.

మూడున్నరకి పెళ్లి అయిపోయింది. మర్నాడు నాన్న అదే బ్రష్షుతో వెళ్లి వాళ్ల టీవీ వెనక చిల్లుల్లోంచి పసుపు బియ్యం గింజలు దులిపి వచ్చాడు.

శుక్రవారం సాయంత్రం మాత్రం వీధంతా స్టేషనుకి కదిలింది. ఏడు కావస్తోంది. పిల్ల మామ్మ చెయ్యి వదలడం లేదు. అప్పుడు మైకులో బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో చెప్పారు, బిలాస్‌పూర్ బండి యాభై నిమిషాలు ఆలస్యం అని. ఎవరో అలవాటు కొద్దీ నాకేసి చూసి నవ్వబోయారు.

మామ్మ ప్లాట్‌ఫారం మీద అందరికీ వినపడేలా అంది, "ఏటి సూస్తారు దానికేసి? లేటు బండిదే. మా గుంట టైముకే వచ్చింది."

తర్వాత నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని అడిగింది, "యాభై నిమిషాలుందట కదే. ఆ తాళి కట్టిన ముక్క నీ ఫోన్లో ఉందేటి?"

ఉంది. బయల్దేరే ముందే ఆ ముక్క విడిగా వండి ఫోన్లో వేసుకున్నాను, నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ప్లాట్‌ఫారం బెంచీ మీద మామ్మ, మనవరాలు, మూలన తాత, ముగ్గురూ కలిసి బండి వచ్చేదాకా మళ్లీ మళ్లీ చూశారు.